ఒంటెద్దు తాతకు రెండో ఎద్దు

మా అన్న కొడుకు ప్రతాప్ మా ఇంటికి వచ్చాడంటే చేతిలో ఏదో ఒక కాగితం ఉంటుంది, ఎక్కడో ఒక సంతకం పెట్టమంటాడు. అందుకే మొన్న ఎండాకాలం చివర వాడు సంగారెడ్డిలో మా ఫ్లాటు మెట్లెక్కి వచ్చి, సంచిలోంచి అరచేయంత నల్ల గ్రానైటు ముక్క తీసి నా ముందు పెట్టినప్పుడు వింతగా అనిపించింది. రుద్రారం దాటాక మా ఊరికి తిరిగే మలుపు దగ్గర, మా వంశానికి మిగిలిన ఆఖరి మెట్ట చెలకలో వాడు ధర్మకాంటా పెట్టుకున్నాడు. ముత్తంగి గోదాములకు పోయే లారీలు అక్కడ ఆగి, తూకం వేయించుకుని పోతాయి. ఆ కాంటా ముందు, రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడేటట్టు, మా మూలపురుషుడు మల్లప్ప తాత పేరున ఒక రాయి నిలబెడతాడట. "అత్తమ్మా, మీరు బడిల అంతకాలం తెలుగు చెప్పిన్రు. తాత గురించి నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి, నేను చెక్కిపిస్త" అన్నాడు. ముసలితనంలో పొగడ్త బెల్లం ముక్కలాంటిది. చక్కెర జబ్బు ఉన్నా నోట్లో వేసుకుంటాం. సరే అన్నాను. నాలుగు ముక్కలే కదా, వాడు చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపు రాసిస్తానని కూడా అన్నాను.

రాయలేకపోయాను. మల్లప్ప తాత గురించి నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు విన్న ఒక్క కథే. అది ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు కానీ, కాగితం మీద పెట్టేసరికి మూడు వాక్యాలకు మించి సాగలేదు. మా ఇంటిపేరు ఓటరు కార్డులో ఏమున్నా, ఊళ్లో మాత్రం మేం ఒంటెద్దోళ్లం. మల్లప్ప మా తాతకు తాత. పెద్ద కరువు కాలంలో బీదరు దిక్కు నుంచి నడిచి వచ్చాడట. వెంట ఒకే ఒక్క ఎద్దు, దాని వీపు మీద ఒక జొన్న విత్తనాల సంచి. దారిపొడవునా జనం ఆకులు అలములు ఉడకబెట్టుకుని తింటున్నా, తాను ఆకలితో కళ్లు తిరిగి పడిపోయినా, ఆ సంచి మూతి మాత్రం విప్పలేదట. ఇక్కడికి వచ్చి, కంపచెట్లు తప్ప ఏమీ లేని బీడును ఆ ఒక్క ఎద్దుతో దున్ని, గుట్ట దాకా చెలక చేశాడట. మా తాత ఈ కథ చెప్పేటప్పుడు సంచి మూతి దగ్గరికి రాగానే చుట్ట నోట్లోంచి తీసి పక్కన పెట్టేవాడు. అక్కడ చుట్ట తాగుతూ చెప్పడం మర్యాద కాదని ఆయన లెక్క.

ఆ కథ మేం వినే చోటు పశువుల కొట్టం ముందరి అరుగు. ఇప్పుడు తలుచుకుంటే ముందు వచ్చేది వాసనే. కుడితి వాసన, తడిసిన జొన్నచొప్ప వాసన, వాటి మీదుగా పొయ్యి దగ్గర్నుంచి నాయనమ్మ రొట్టెల కాలిన అంచుల వాసన. ఆమె కంటె పొద్దు ముందు లేచింది నేను ఒక్కనాడూ చూడలేదు. చీకటితోనే పిండి పిసుకుతూ రొట్టెలు చరుస్తుంటే ఆ చప్పుడుకు కోళ్లు లేచేవి, కోళ్లకు మేం లేచేవాళ్లం. తాత నిద్ర లేచి మొహం కడుక్కోకముందే కొట్టంలోకి పోయి ఎద్దుల నొసటి మీద అరచేయి ఆనించి నిలబడేవాడు. అవి రాత్రి ఎలా పడుకున్నాయో ఆయనకు ఆ చేతితోనే తెలిసేదట. మనవలం మాకు జ్వరమొస్తే మాత్రం నాయనమ్మ చెప్పాకే తెలిసేది. దానికి ఆమె ఎత్తిపొడిచేది; ఆయన చుట్ట కొనను చూసుకుంటూ నవ్వేవాడు.

ఆ కొట్టంలో మా అందరికంటె ఎక్కువ సేపు గడిపిన మనిషి నర్సింలు. మా ఇంటి జీతగాడు, అంటే ఏడాదికింత ధాన్యం అని మాట్లాడుకుని ఎద్దులనూ చేనునూ చూసుకునే మనిషి. నాకు బడి ఈడు వచ్చేనాటికే అతను పెండ్లయి పిల్లలున్న వాడు. అయినా నేనూ మా అన్నా అతన్ని "ఒరేయ్ నర్సిగా" అని పిలిచేవాళ్లం. అలా పిలవడం మాకు ఎవరూ నేర్పలేదు, వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. అతని గిన్నె కొట్టం చూరులో చెక్కి ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అతను బావి గట్టు పక్కన కూర్చుని దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోయడం నా పని. ఆ బావి తవ్వింది అతని తాతముత్తాతలే అని ఊరంతటికీ తెలుసు. తవ్వినవాళ్లు అందులో చేద వేయకూడదనీ ఊరంతటికీ తెలుసు. నాకు ఆ నీళ్లు పోయడం ఆటగా ఉండేది. పైకెత్తి సన్నని ధారగా పోసి, అతను మొహం తడుపుకుంటుంటే నవ్వేదాన్ని. అతనూ నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. నాగలికి ఎడమ పక్కన కట్టేదాన్ని దాపటెద్దు అంటారు, కుడి పక్కదాన్ని వలపటెద్దు. ఏరువాక పున్నమికి ముందురోజు మాపటి పూట మా కొట్టంలోంచి దాపటెద్దు ఒక్కదాన్నే విప్పి నర్సింలు తన ఇంటికి తోలుకుపోయేవాడు. ఆ రాత్రి అది వాళ్ల గుడిసె ముందే కట్టేసి ఉండేది. వాళ్ల అమ్మ దాని కాళ్లు పసుపు నీళ్లతో కడిగి, కొమ్ములకు జాజు పూసి, ఉడికించిన గుగ్గిళ్లు పెట్టేది. తెల్లారి మా తాత తలకు కొత్త రుమాలు చుట్టుకుని వాళ్ల వాడ మొదటి దాకా నడిచి వెళ్లేవాడు. ఏడాది పొడవునా ఆ దిక్కు కాలు పెట్టని మనిషి. నర్సింలు ఎద్దును తోలుకొచ్చి పగ్గం అందించేవాడు. మామూలు రోజుల్లో అతను ఏది ఇచ్చినా కింద పెట్టేవాడు, మావాళ్లు తీసుకునేవాళ్లు. ఆ ఒక్కనాడు పగ్గం చేతిలోంచి చేతిలోకి పోయేది. ఆ ఎద్దు వచ్చి కాడి కింద మెడ పెట్టేదాకా మా తాత పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. తరువాతే ఇంట్లో బచ్చాలు, పులుసు. ఎందుకిలా అని అడిగితే ఆనవాయితీ అనేవారు. జీతగాణ్ని మావాళ్లు ఎంత బాగా చూసుకుంటారో అని నేను గర్వపడేదాన్ని. బడిలో నా స్నేహితులకు గొప్పగా చెప్పినట్టు కూడా గుర్తు.

ప్రతాప్‌కు మాట ఇచ్చాను కాబట్టి మల్లప్ప తాత పుట్టిన చోటేదో చూసొద్దామని ముందు జహీరాబాదు అవతలి పల్లెకు వెళ్లాను. కన్నడం, తెలుగు కలగలిపి మాట్లాడే ఊరు. మా వంశంవాళ్లు ఇంకా ఒకటి రెండు ఇళ్లున్నాయి. మొగం ఎరగని దాన్నయినా కూర్చోబెట్టి, జొన్న రొట్టె, పుండికూర పెట్టారు. వాళ్లలో పెద్దాయన చెప్పిన కథలో కరువు చివర వచ్చింది, మొదట వచ్చింది పంపకం. మల్లప్ప అన్నదమ్ముల్లో చిన్నవాడట. భూమిలో తన పాలు తనకు పంచమని అడిగితే అన్నలు కొట్టంలోకి తీసుకుపోయి, ఒక ఎద్దును విప్పి, పగ్గం చేతిలో పెట్టి, ఇదే నీ పాలు పో అన్నారట. వాళ్ల ఇంట్లో అది సిగ్గుపడవలసిన కథ. తరాలు దాటినా ఆ పెద్దాయన చెప్పేటప్పుడు నా మొహం చూడకుండా గోడ వంక చూశాడు. తిరుగు బస్సులో నాకు కోపం పొంగింది. ఎన్నడూ చూడని ఆ తాత మీద జాలితో కళ్లు తడిశాయి. పాలు దక్కనివాడు పరాయి నేల మీద తన చెమటతో పైకొచ్చాడు అని ఒక వాక్యం బస్సులోనే తయారు చేసుకున్నాను. నాకు అది చాలా నచ్చింది కూడా.

ఆ వాక్యాన్ని వినిపించాలనే మా మేనత్త గౌరమ్మ దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటిన మనిషి, పటాన్‌చెరులో చిన్న కొడుకు ఇంట్లో ఉంటుంది. కంపెనీల దిక్కు నుంచి గాలి తిరిగినప్పుడు ఘాటు వాసన వస్తుందని బాల్కనీ తలుపు వేసే ఉంచుతుంది. నోరు మాత్రం ఏనాడూ వేసుకోలేదు. నేను వెళ్లేసరికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కాగితం తీసి చదివాను. బీదరు నుంచి ఒక్క ఎద్దుతో వచ్చి, ఆ ఒక్క ఎద్దుతోనే బీడును దున్ని అన్న చోటికి వచ్చేసరికి ఆమె చేతిలో కాయ ఆగింది.

"ఒక్క ఎద్దుతోని నాగలి నడుస్తదానే సుశీలా?" అంది. "నువ్వు కాపుదనం చేసే ఇంట్ల పుట్టినదానివేనా?"

కాడికి రెండు పక్కలుంటాయని ఆరేళ్ల పిల్లప్పుడే నాకు తెలుసు. ఏ ఎద్దు దాపటకు పనికొస్తుందో, ఏది వలపటకో దాని నడక చూసి చెప్పగలిగేదాన్ని. మా నాన్న, మా తాత, ఆయన తండ్రి, అందరూ రెండెద్దుల మధ్య బతికినవాళ్లే. అయినా ఆ కథ వింటూ ఒక్కరూ ఒక్కనాడూ ఆ ప్రశ్న అడగలేదు. పట్నంలో పుట్టినవాళ్లు అడగలేదంటే అర్థముంది. నాగలి పట్టిన చేతులు అడగలేదు. మా ఇంటికి పేరు తెచ్చిన కథ కదా, దాన్ని ఎవరు కదిలిస్తారు?

మిగతాది అత్త చెప్పింది. ఆమెకు వాళ్ల నాయనమ్మ, అంటే మల్లప్ప తాత కోడలు చెప్పిందట. మల్లప్ప వచ్చేనాటికి ఊరి చివరి వాడలో లచ్చయ్య అనే మనిషి ఉన్నాడు. కరువులో అతని జత ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. అతని దగ్గర ఒకటి, మల్లప్ప దగ్గర ఒకటి. అలాంటివాళ్లు చెరొక ఎద్దు తెచ్చి జతకట్టి పొత్తులో దున్నుకోవడం ఆ రోజుల్లో మామూలే, ఇద్దరి పొలాలూ వంతుల వారీగా దున్నుకుంటారు. వీళ్లిద్దరికీ పొలాలే లేవు. కాబట్టి బీడును కొట్టి చెరిసగం చేసుకుందామని మాట అనుకున్నారు. వచ్చిన కొత్తలో మల్లప్పకు ఇల్లు కూడా లేదు, లచ్చయ్య చూరు కిందనే పడుకున్నాడు. కొన్నేళ్లు కష్టపడ్డారు. చెలక తయారయ్యాక భూములు కొలిచేవాళ్లు వచ్చారు. చావడి ముందు మల్లప్పను కూర్చోబెట్టి అడిగారు. లచ్చయ్యను కూర్చోమనేవాళ్లు ఎవరూ లేరు, దూరంగా ఎద్దుల దగ్గర నిలబడ్డాడు. ఇది ఎవరి సాగు అని అడిగితే మల్లప్ప నాది అన్నాడు. మాది అనలేదు. తరువాత లచ్చయ్య ఎద్దు ముసలిదై చచ్చిపోయింది, ఎద్దు లేనివాడికి పొత్తు లేదు. అతని కొడుకు మా ఇంట్లో జీతానికి కుదిరాడు. ఆ కొడుకు మనవడే నర్సింలు.

మరి ఏరువాక నాడు ఆ ఎద్దు సంగతేమిటని అడిగాను. లచ్చయ్య చనిపోయిన ఏడాది మల్లప్పే ఆ ఆనవాయితీ పెట్టాడట. దాపటెద్దు వాళ్ల ఇంటి నుంచి వచ్చినట్టు ఉండాలని.

"భూమి ఇయ్యలే బిడ్డా" అంది అత్త. "ఏడాదికి ఒక్క రాత్రి ఎద్దును ఇచ్చిండు. తప్పు చేసినోడు మొక్కు పెట్టుకుంటడు."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరెవరు అడిగారు అని మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. ఆ జవాబులో ఆమెకు ఏ బాధా లేదు, చూసి నాకు ఒళ్లు మండింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆమె తన పిడికెడు ఏనాడో మింగేసి హాయిగా ఉంది. నా చేతిలోకి అప్పుడే వచ్చింది. అన్నలు తనకు చేసినదే మల్లప్ప లచ్చయ్యకు చేశాడు. వాళ్లయినా ఎద్దును పూర్తిగా ఇచ్చేశారు. బస్సులో తయారు చేసుకున్న వాక్యం కాగితం మీద ఇంకా ఉంది. అక్కడే, ఆమె ఎదుటే కొట్టేశాను.

నర్సింలు ఇప్పుడు కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇళ్లలో ఉంటున్నాడు, వాళ్ల బిడ్డకు వచ్చిన ఇంట్లో. ఒకేలా ఉండే అన్ని అంతస్తుల మధ్య వాళ్ల బ్లాకు పట్టుకోవడానికి ఆటో అతనూ నేనూ చాలా తిరిగాం. నర్సింలు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండు కళ్లకూ పొర కమ్మింది, ఆపరేషన్ ఆలస్యమైందట, వెలుగూ నీడా తప్ప తెలియదు. నా గొంతు వినగానే గుర్తుపట్టి లేవబోయాడు. "కూసో నర్సన్నా" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ పేరు చివర అన్న చేర్చాను. అతను ఆ పిలుపు వచ్చిన దిక్కు తల వంచి చెవి పెట్టాడు. వాళ్ల బిడ్డ మంచినీళ్లు తెస్తే గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను. తాగుతూ, చూడు నేను తాగుతున్నాను అని నాకు నేనే చెప్పుకుంటున్నట్టు తోచి సిగ్గేసింది.

అత్త చెప్పినదంతా చెప్పాను. అతనికి తెలుసట. వాళ్ల అవ్వ చెప్పేదట. ఎవరితోనైనా అంటే నవ్వుతారని, మా తాత చెవిన పడితే ఉన్న జీతం పోతుందని వాళ్లు ఇంట్లోనే చెప్పుకునేవాళ్లు, బయట నోరు మెదిపేవాళ్లు కాదు. ఏరువాక ముందు రాత్రి గుడిసె ముందు ఆ ఎద్దు నెమరు వేస్తుంటే వాళ్ల నాన్నకు నిద్ర పట్టేది కాదట. తెల్లారేదాకా దాని పక్కనే గోనె పట్టా పరుచుకుని కూర్చునేవాడట. మా ఇంట్లో అది పండుగ. వాళ్ల ఇంట్లో అది ఏమిటో నాకు ఇన్నేళ్లూ తట్టలేదు. నేను రాయి సంగతి చెప్పి, ఏం చేయమంటావని అడిగాను. భూమి అంటాడేమోనని లోపల్లోపల భయపడ్డాను, ఆ భయం దాచడం అన్యాయం.

"భూమి సంగతి ఇడిసిపెట్టు సుశీలమ్మా" అన్నాడు. "అమ్ముకున్నోళ్లు అమ్ముకున్నరు, కొన్నోళ్లు కొన్నరు. మా లచ్చయ్యకు గోరి లేదు, ఫోటో లేదు. గిసొంటి మనిషి ఒగడు ఉండె, దున్నిండు అని ఆ రాయి మీద ఎక్కియ్యి. నేను పోతె ఆ పేరు గుడ పోతది. గదొక్కటే అడుగుతున్న."

రాయిస్తానని మాట ఇచ్చాను. తేలికగా ఇచ్చాను. మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైనట్టు కూడా అనిపించింది.

ఇంటికొచ్చి ఐదు వాక్యాలు రాశాను. ఐదోది ఇది: ఈ నేలను మల్లప్ప, లచ్చయ్య ఇద్దరూ తమ ఎద్దులను జతకట్టి, పొత్తులో కలిసి సాగులోకి తెచ్చారు. బడిలో పిల్లలకు వ్యాసాలు దిద్దిన చేయి కదా, చదువుకుని బాగుందనుకున్నాను. ప్రతాప్‌కు ఫోనులో పంపాను. మర్నాడు వాడు ఫోన్ చేశాడు. కోపంగా కాదు, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. వకీలుకు చూపించాడట. పొత్తు అని మనమే రాయి మీద చెక్కించుకుంటే, రేపు ఎవడైనా అదే ఫోటో తీసుకుని కోర్టుకు పోతే ఎలా అన్నాడట వకీలు. కాంటా మీద బ్యాంకు లోను ఉంది, వెనక ఉన్న జాగాకు గోదాము వాళ్లు బేరం మాట్లాడుతున్నారు. నేను మాట ఇచ్చానన్నాను. పొత్తు అనకుండా పేరు ఒక్కటైనా పెట్టమన్నాను. ఉత్త పేరు చూసి ఎవరు ఏమిటని నలుగురు అడగరా అన్నాడు. తరువాత, "మీ ఫ్లాటు గుడ ఆ చెలక పైసలదే గద అత్తమ్మా" అన్నాడు.

వాడు బెదిరించలేదు. లెక్క గుర్తు చేశాడు, అంతే. మా నాన్న పోయాక చెలకలో సగం కంపెనీ షెడ్ల వాళ్లకు అమ్మినప్పుడు ఆడపిల్లనైనా నాకూ వాటా ఇచ్చారని చుట్టాలందరి ముందు గొప్పగా చెప్పుకున్నదాన్ని నేనే. ఆ వాటాతో కొన్న ఇంట్లో, ఆ వాటాతో కొన్న మంచం మీద కూర్చుని ఫోను పట్టుకుని ఉన్నాను. "నీ ఇష్టం" అన్నాను. కొట్లాడవచ్చు, నా పేరుతో రాయవద్దని అనవచ్చు, నాలుగు వాక్యాలూ వెనక్కి తీసుకోవచ్చు. ఇవన్నీ ఫోను పెట్టేశాక తట్టాయి. తట్టినవాటిలో ఒక్కటీ చేయలేదు. నర్సింలుకు ముందే చెప్పి ఉండవచ్చు, అదీ చేయలేదు. రాయి నిలబెట్టే రోజుకు అతను రాకుంటే బాగుండునని మాత్రం మనసారా కోరుకున్నాను.

ఆ రోజు నేను పొద్దున్నే వెళ్లాను. మలుపు దగ్గర దిగి నిలబడితే, కళ్లకు అలవాటయ్యేదాకా ఏది ఎక్కడుండేదో తెలియలేదు. కందీ జొన్నా కలిపి చల్లే చోట రేకుల షెడ్లు. మా కల్లం ఉండే చోట లారీలు వరసకట్టి, డ్రైవర్లు హిందీలో ఒకరి తల్లిని ఒకరు తలుచుకుంటున్నారు. తొలి వాన పడితే ఆ నేల వాసనకు నాయనమ్మ పని ఆపి వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఇప్పుడు వాన పడితే మోరీల్లోంచి ఏవో మందుల వాసన లేస్తుంది. బావి ఉంది. దాని మీద ఇనుప జాలీ వేశారు. నీళ్లు చాయ్ రంగుకు తిరిగి చాలా కాలమైంది, గేదెలు కూడా మూతి పెట్టవు. ఎవరు చేద వేయాలి, ఎవరు వేయకూడదు అన్న పట్టింపు ఇప్పుడు దాని దగ్గర లేదు. ఎవరూ తాగలేని నాటికి ఆ బావి అందరిదీ అయింది. మావాళ్లూ, నర్సింలు వాళ్లూ ఒకే బండి మీద వచ్చే నీళ్ల క్యాన్లు కొంటారు. ఆ కాలమే బాగుండేదని అనేవాళ్లతో నాకు ఎప్పుడూ పడలేదు, దోసిట్లో నీళ్లు పోసిన దాన్ని కాబట్టి. ఈ కాలం బాగుందని అనడానికీ ఆ పూట నోరు రాలేదు.

నర్సింలు వచ్చాడు. ప్రతాప్ ఊరందరినీ పిలిచాడు కాబట్టి కబురు అందింది. కొల్లూరు నుంచి సోపతి ఒకతను బండి మీద కూర్చోబెట్టి తెచ్చాడట. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజం మీద కొత్త తువ్వాలు. ప్రతాప్ మర్యాదగానే కుర్చీ చూపించాడు. భోజనాల దగ్గర అందరితోపాటు బంతిలో కూర్చున్నాడు, మావాళ్ల పిల్లలే వడ్డించారు. అంత మార్పు వచ్చిందని సంతోషించబోయాను, అది చాలా చవక సంతోషమని నాకే తెలిసి ఆపుకున్నాను. తిన్నాక జనం పలచబడ్డారు. కాంటా మీదికి మళ్లీ లారీలు ఎక్కడం మొదలైంది. నర్సింలు కర్ర తాటించుకుంటూ నా గొంతు వినబడే దిక్కు వచ్చాడు.

"సుశీలమ్మా, జెర సదువు. ఇంట" అన్నాడు.

ఇద్దరం రాయి ముందు నిలబడ్డాం. నల్ల రాయి, బంగారు రంగు అక్షరాలు. నాలుగు వాక్యాలూ చదివాను. బీదరు సీమ, కరువు, విత్తనాల సంచి, బీడును చెలక చేసిన కష్టం. నాలుగోది అయిపోయింది. అతను మొహం కొంచెం పైకెత్తి, ఇంకా వింటున్నట్టే ఉన్నాడు. నేను ఆగలేదు. అదే గొంతుతో, తడబడకుండా, ఈ నేలను మల్లప్ప, లచ్చయ్య ఇద్దరూ తమ ఎద్దులను జతకట్టి అని మొదలుపెట్టి చివరిదాకా చదివాను. బడిలో పాఠం చదివిన అన్నేళ్ల అలవాటు నాకు అక్కరకొచ్చింది. అతను తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. ఆ ఒక్క మాట మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"ఏడున్నది ఆ పేరు? చెయ్యి వెట్టి సూపియ్యి" అన్నాడు.

అతని చేయి పట్టుకున్నాను. గట్టిపడిన, పొడి చేయి. దాన్ని ఎత్తి, రాయి మీద అన్నిటికంటె పెద్దగా ఉన్న అక్షరాల మీద, మల్లప్ప పేరు మీద పెట్టాను. అతను వేలితో మొదటి అక్షరం నుంచి మెల్లగా, గాడి వెంబడి తడుముకుంటూ చివరిదాకా పోయాడు. అక్కడ ఆగి, తిరిగి మొదటికి వచ్చాడు.

"పెద్దగనే చెక్కిన్రు" అన్నాడు. రాయి మీంచి చేయి తీస్తూ, "ఐతారం మా మనుమరాలికి కాలేజీ ఉండది. తోల్కొస్త. అది సదివితె గుడ ఒకపారి ఇంట" అన్నాడు.

"తోల్కరా నర్సన్నా" అన్నాను.

ఇది రాస్తున్నది శనివారం, తెల్లారితే ఐతారం. ప్రతాప్‌కు నేనింకా ఫోన్ చేయలేదు. కొల్లూరుకూ చేయలేదు.